మొదటి వాక్యం ఎవరిది

పళ్ళ మేస్త్రి ఒక వాక్యాన్ని చూసి కుళ్ళుకున్నాడు. పక్కవాడి మేడని చూసో, ఎదురింటివాడి కారుని చూసో కుళ్ళుకునేవాళ్ళు ఏ వీధిలోనైనా దొరుకుతారు, వాళ్ళకేం కొదవ లేదు. కానీ పట్టుమని రెండు పంక్తులు లేని వాక్యాన్ని చూసి, తిన్నది ఒంటబట్టక, కంటిమీద కునుకు లేక తిరిగిన మనిషిని చూడాలంటే ఈయన్నే చూడాలి.

పళ్ళ మేస్త్రి అన్నది వీధివాళ్ళు పెట్టిన పేరు. ఆయన చేసేది కట్టుడు పళ్ళు. దంతవైద్యులు పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, మైనం మీద ఒక్కొక్క పన్నూ నిలబెట్టి, రంగు కుదిరిందో లేదో కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, సానపెట్టి డబ్బాలో పంపిస్తాడు. పనిలో వంక పెట్టడానికి లేదు. కాకపోతే ఆ పళ్ళు పెట్టుకుని నవ్వేవాడు డాక్టరుకి దండం పెడతాడు తప్ప, మేస్త్రి అనేవాడు ఒకడున్నాడని కలలో కూడా అనుకోడు. ఇన్నేళ్ళుగా ఊళ్ళో సగంమంది నోళ్ళలో తన చేతి పని ఉండి, ఒక్కరి నోటా తన పేరు లేకపోవడం ఆయన్ని లోలోపల తినేస్తూ ఉండేది.

అందుకని సాయంత్రాలు ఇంటికొచ్చి ఆన్‌లైన్ విజ్ఞానసర్వస్వంలో వ్యాసాలు రాసేవాడు. జీతమూ లేదు, భత్యమూ లేదు. ఎవరైనా రాయొచ్చు, రాసినదాన్ని ఎవరైనా దిద్దొచ్చు. ప్రతి వ్యాసం వెనకాలా ఒక చర్చ పేజీ ఉంటుంది, కొట్లాటలన్నీ అక్కడ. అందరివీ పెట్టుడు పేర్లే. మన మేస్త్రి పెట్టుకున్న పేరు 'నిష్పాక్షి'. ఆ పేరు చూసి నవ్వకండి, ఆయన నిజంగానే అలా అనుకున్నాడు.

ఆయన పట్టుకున్న వ్యాసం 'ప్రార్థనాలయాల చట్టం'. మందిరాల అజమాయిషీని ప్రభుత్వం తన చేతిలోకి తీసుకోవడం, భక్తులు తిరగబడటం, ఒక మందిరం ముందు మనుషులు చచ్చిపోవడం, ఆ గొడవలోంచి ఒక పార్టీ పుట్టడం, ఇదీ విషయం. రాజకీయమూ మతమూ రెండూ ఉన్నచోట ఎవరు కుదురుగా కూర్చుంటారు? పొద్దున ఒకరు రాసింది మధ్యాహ్నానికి ఇంకొకరు చెరిపేసేవారు. చివరికి ముగ్గురు మిగిలారు. భక్తుల పక్షాన 'దాసుడు', ప్రభుత్వం పక్షాన 'నిప్పు', మధ్యన మన నిష్పాక్షి.

కొట్టుకుని కొట్టుకుని అలిసిపోయాక వాళ్ళు ఒక కట్టడి పెట్టుకున్నారు. ఎవరు నమ్మే పక్షం గురించి వాళ్ళు రాయకూడదు, ఎదుటివాడి వాదన రాయాలి. ఆ ప్రకారం ప్రభుత్వం చెప్పే కారణాలన్నీ దాసుడు పళ్ళు కొరుక్కుంటూ రాశాడు. భక్తుల గోడు మొత్తం నిప్పు ముఖం మాడ్చుకుని రాశాడు. దాంతో ఇద్దరి రాతా మర్యాదగా తయారైంది. ఏ పక్షానికీ చెందనిది మొదటి వాక్యం ఒక్కటే. దాన్ని మేస్త్రికి వదిలేశారు. వ్యాసానికి గుమ్మం లాంటిది కదా మొదటి వాక్యం, అది తన చేతిలో ఉందని మేస్త్రి ఉబ్బిపోయాడు.

ఉబ్బితే ఉబ్బాడుగానీ, వాక్యం మాత్రం నిలబడలేదు. ఆయన రాసేదేమో ఇలా ఉండేది: 'కొందరిచేత ప్రగతిశీలమైనదిగాను, మరికొందరిచేత మతద్రోహకరమైనదిగాను, ఇంకను కొందరిచేత అనవసరమైనదిగాను పరిగణింపబడుచున్న ఈ చట్టము...' అక్కడికే చదివేవాడికి ఆయాసం వచ్చేది. దాసుడు ఒక ముక్క తీసేవాడు, నిప్పు ఒక ముక్క కలిపేవాడు, మేస్త్రి మళ్ళీ మొదటికి వచ్చేవాడు. ఏళ్ళు గడిచాయి.

అలాంటి సమయంలో ఊరూ పేరూ తెలియని మనిషి ఒకరు వచ్చారు. పెట్టుకున్న పేరు 'చిత్తుప్రతి'. వచ్చినవాళ్ళు ఒక కామా తీసేశారు. మర్నాడు ఒక 'మరియు' తీసేశారు. ఆ తర్వాత ఒకరోజు, ముందుగా చర్చ పేజీలో అనుమతి అడిగి, మేస్త్రి వాక్యం మొత్తం ఎత్తేసి ఇది పెట్టారు: 'ప్రార్థనాలయాల చట్టం అమలైన రోజున మందిరం ముందు మనుషులు చనిపోయారన్నది ఇరుపక్షాలూ ఒప్పుకునే మాట, ఎవరివల్ల చనిపోయారన్నది ఇప్పటికీ తేలని మాట.'

దాసుడు చదివి, బాగుందన్నాడు. నిప్పు చదివి, తాకొద్దు దీన్ని అన్నాడు. వాళ్ళిద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదలు. వారాలు గడిచినా ఎవ్వరూ అందులో అక్షరం కదపలేదు. ఎవరైనా కదిపారేమోనని మేస్త్రి ఒక్కడే రోజుకి పదిసార్లు తెరిచి చూసేవాడు.

పైకి మాత్రం పెద్దమనిషి తరహాగా, 'చిత్తుప్రతిగారూ, మీ ప్రయత్నం అభినందనీయం, అయితే...' అని మొదలుపెట్టాడు. ఆ 'అయితే' తర్వాత నాలుగు పేరాలు. చిత్తుప్రతి నాలుగు పేరాలకీ ఓపిగ్గా జవాబు రాశారు. 'కాల్పులు' అనాలా, 'తుపాకులు పేలాయి' అనాలా అన్నదాని మీద ఇద్దరూ చాలా రోజులు వాదించుకున్నారు. కాల్పులంటే ఎవరో కాల్చినట్టు, పేలాయంటే ఎవరూ కాల్చనట్టు, అదీ తగాదా. అంత చక్కగా వాదించేవాళ్ళు తనకి జన్మలో తగల్లేదని మేస్త్రికి తెలుసు. పని తొందరగా ముగించుకుని ఇంటికి పరుగెత్తేవాడు, చిత్తుప్రతి ఏమన్నారో చూద్దామని. ఒకసారి మనసు పట్టలేక, 'ఈ విషయంలో మీ అభిప్రాయమే నాకు ముఖ్యం, చెప్పండి' అని కూడా రాసేశాడు. రాశాక సిగ్గుపడ్డాడు. సిగ్గు తీరాక ఇంకా మండింది. ఎక్కడినుంచో ఊడిపడ్డ మనిషి తన గుమ్మంలో పీట వేసుక్కూర్చుంటే, తానే వెళ్ళి విసనకర్రతో విసురుతున్నాడన్నమాట.

ఇంట్లో ఆయనా, భార్యా ఇద్దరే. ఆవిడ పాఠ్యపుస్తకాలు అచ్చువేసే సంస్థకి ప్రూఫులు దిద్దుతుంది. మేస్త్రి కంప్యూటరు హాల్లో భోజనాల బల్లమీద ఉంటుంది, ఆవిడది లోపలిగదిలో కిటికీ పక్కన. సాయంత్రం ఇద్దరూ ఎవరి తెర ముందు వాళ్ళు కూర్చుంటారు. మధ్యలో ఆవిడ లేచి వడ్డిస్తుంది, ఆయన లేచి తింటాడు, ఉప్పు తక్కువైతే చెప్తాడు, సరిపోతే ఏమీ చెప్పడు. గోడకి ఇవతల కూర్చుని దాసుణ్ణీ నిప్పునీ, ఇప్పుడు కొత్తగా చిత్తుప్రతినీ ఆయన పైకే తిట్టుకుంటూ ఉంటాడు. అవతలినుంచి ఆవిడ ఎప్పుడూ ఏమీ అనదు. ఆవిడ ఏం దిద్దుతోందని ఈయనా ఎప్పుడూ అడగలేదు.

ఇలా ఉండగా విజ్ఞానసర్వస్వం నిర్వాహకులు ఆ వ్యాసాన్ని మొదటి పేజీలో ప్రదర్శిస్తామన్నారు. అలా ప్రదర్శించే వ్యాసం కింద ముఖ్య రచయిత అని ఒక పేరు వేస్తారు. ఒకే ఒక్క పేరు. మేస్త్రి కొత్త చొక్కా కొనుక్కున్నంత సంబరపడ్డాడు. ఆ సంబరం సాయంత్రందాకా కూడా లేదు. దాసుడూ నిప్పూ ఇద్దరూ, అడిగీ అడగకముందే, చిత్తుప్రతి పేరు రాశారు. దాసుడు ఇంకో అడుగు ముందుకేసి, పెద్దాయన శ్రమ కాదనలేనిదేగానీ వ్యాసానికి ప్రాణం పోసింది చిత్తుప్రతేనని సెలవిచ్చాడు. చిత్తుప్రతి వచ్చి, నాకొద్దు నిష్పాక్షిగారికే ఇవ్వండి అన్నారు. అది పుండుమీద కారం. దానం చేస్తున్నారా నాకు, అని మేస్త్రి బల్లమీద గుద్దాడు. లోపలిగదిలో కీబోర్డు చప్పుడు ఒక్క క్షణం ఆగింది.

ఆ మంటలో ఆయనకొక దిక్కుమాలిన ఆలోచన వచ్చింది. ఇంత పొగడ్త ఊరికే వస్తుందా? ఈ చిత్తుప్రతి వేరే మనిషి కాదు, ఆ నిప్పుగాడే రెండో పేరు పెట్టుకుని వచ్చి తనని తాను మెచ్చుకుంటున్నాడు. అలా ఒకే మనిషి రెండు ఖాతాలు నడపడం అక్కడ మహాపరాధం. అనుమానం ఉన్నవాళ్ళు తనిఖీ కోరవచ్చు. ఏ ఖాతా ఏ ఇంటి ఇంటర్నెట్ నుంచి వస్తోందో నిర్వాహకులు చూసి తేలుస్తారు. మేస్త్రి ఫిర్యాదు రాశాడు. చిత్తుప్రతి సాయంత్రాలే వస్తారనీ, భోజనాల వేళకి మాయమవుతారనీ, మళ్ళీ గిన్నెలు సర్దుకునే వేళకి తేలతారనీ, ఇదంతా ఎవరో మనిషి వేషం మార్చే లక్షణమనీ నిలదీశాడు. రాసి, మీసం దువ్వుకున్నాడు.

తనిఖీ చేసిన నిర్వాహకురాలి పెట్టుడు పేరు 'కాపలా'. ఆవిడ మహా నిక్కచ్చి మనిషి. తీర్పు చర్చ పేజీలో అందరూ చూసేలా పెట్టింది. చిత్తుప్రతికీ నిప్పుకీ ఏ సంబంధమూ లేదు. చిత్తుప్రతీ, ఫిర్యాదు చేసిన నిష్పాక్షీ ఒకే ఇంటినుంచి, ఒకే కనెక్షన్ మీద వస్తున్నారు. భోజనాల వేళకి ఇద్దరూ కలిసే మాయమవుతున్నారు. కరెంటు పోయిన సాయంత్రాలు ఇద్దరూ లేరు. కిందటి నెల పెళ్ళిళ్ళ రోజుల్లో ఇద్దరూ ఒకే రోజు ఆగి, ఒకే రోజు తిరిగొచ్చారు. కనుక ఫిర్యాదీ, నిందితుడూ ఒక్కరేనని మేము భావిస్తున్నాము, నిష్పాక్షిగారు రేపటిలోగా సంజాయిషీ ఇవ్వాలి.

మేస్త్రి రెండుసార్లు చదివాడు. పెళ్ళి బావమరిది కూతురిది. వెళ్ళింది ఇద్దరూను. మెల్లగా లేచి లోపలిగది గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ తెరమీద అదే తీర్పు ఉంది.

"నువ్వా?" అన్నాడు.

"మొదట ఒక కామా తీద్దామని వచ్చానండీ" అంది ఆవిడ. "ఏళ్ళుగా కంట్లో నలుసులా ఉండేది."

చెప్పొచ్చుగా అని ఆయన గొణిగాడు. చెబితే నా వాక్యం ఉండనిచ్చేవారా అని ఆవిడ అడిగింది. అడిగి, కుర్చీ ఇటు తిప్పి ఇంకో మాట అంది.

"మీ అభిప్రాయమే నాకు ముఖ్యం అన్నారు. మీరూ, గారూ అని. అది చదివి ఆ పూట నాకు అన్నం సహించలేదు. పెళ్ళయ్యాక మీరు నన్నొక మాట అడగడం అదే మొదటిసారి."

మేస్త్రి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. నిన్ను కాదు, ఎవరినో అనుకుని అడిగాను అని నోటిదాకా వచ్చింది. ఆ కాస్త బుద్ధి ఉండబట్టి మింగాడు. ఆవిడకి ముఖ్య రచయిత పదవీ వద్దట, పేరూ వద్దట. నేను వేరే మనిషినని, నాకు నేనుగా ఒకదాన్ని ఉన్నానని మీరే వాళ్ళకి చెప్పండి, అంతకంటే నాకేమీ వద్దు అంది. అలాగే అన్నాడు మేస్త్రి. అన్నాడు, మరి!

పొద్దున్నే బల్లముందు కూర్చుని, 'చిత్తుప్రతి నా భార్య' అని టైపు చేశాడు కూడా. చేసి, దానికేసి చూస్తూ ఉండిపోయాడు. ఇది చదివి దాసుడు ఏమంటాడు? ఇన్నేళ్ళూ పెద్దాయనా పెద్దాయనా అన్నవాడు, ఆవిడ దిద్దితేగానీ మీకు వాక్యం నిలవలేదా అని ముసిముసిగా నవ్వడూ? పరాయివాళ్ళు బాగా రాశారంటే ఏదో సరిపెట్టుకోవచ్చు. తాను తింటూ ఉప్పు తక్కువైందని ఎవరికి చెబుతాడో ఆ మనిషి, పక్కగదిలో కూర్చుని, తాను ఏళ్ళతరబడి చేయలేనిది ఒక్క పూటలో చేసి పారేసిందంటే ఎలా మింగడం? నిన్నటిదాకా ఎవరో తెలియని మనిషి మీద ఉన్న కుళ్ళు ఇవాళ మొహం దొరికేసరికి ఇంకా చిక్కబడింది.

సరిగ్గా అప్పుడే నిప్పు దగ్గర్నుంచి కబురొచ్చింది. ఆ వాక్యం మీదేనా పెద్దాయనా, ఎంత తక్కువ అంచనా వేశాం మిమ్మల్ని, తప్పు ఒప్పేసుకోండి, మొదటి తప్పు కాబట్టి చిన్న శిక్షతో పోతుంది, రాసినదంతా మీ ఖాతాలోకే వస్తుంది, అని రాశాడు.

మేస్త్రి టైపు చేసింది చెరిపేశాడు. 'రెండు ఖాతాలూ నావే. క్షమించండి' అని రాశాడు. నొక్కాడు.

ఆ సాయంత్రానికల్లా చిత్తుప్రతి ఖాతా మూసేశారు. ఆ పేరు తెరిస్తే, ఇది నిష్పాక్షి అనే వాడుకరి దొంగపేరు, ఈ పేరుతో వేరే మనిషెవరూ లేరు అన్న నోటీసు కనబడుతుంది. మేస్త్రికి వారం రోజులు నిషేధం. వారం తర్వాత వ్యాసం మొదటి పేజీకెక్కింది, కింద ముఖ్య రచయిత నిష్పాక్షి. మేస్త్రి దుకాణంలో ఫోను పట్టుకుని, పళ్ళ డబ్బాలు తీసుకెళ్ళడానికి వచ్చిన ప్రతివాడికీ చూపించాడు. ఒక డాక్టరుకి ఫోన్ చేసి మరీ మొదటి వాక్యం చదివి వినిపించాడు. ఎంత బాగా రాశారండీ అన్నాడు డాక్టరు. ఔనండీ అన్నాడు మేస్త్రి.

నిషేధం ఉన్న ఆ వారమంతా, ఆవిడ ఆ నోటీసు సంగతి అడుగుతుందేమోనని ఆయన తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. అడగలేదు. వండింది, వడ్డించింది. లోపలిగదిలో కీబోర్డు చప్పుడు మాత్రం లేదు. హమ్మయ్య, సర్దుకుంది అనుకున్నాడు ఈ మహానుభావుడు.

వ్యాసం మొదటి పేజీలో ఉన్న రోజున ఎవరెవరో కొత్తవాళ్ళు వచ్చి చర్చ పేజీ అంతా తిరగేశారు. నిష్పాక్షీ చిత్తుప్రతీ వాదించుకున్నవన్నీ చదివారు. ఒకడు నవ్వాడు. ఇంకొకడు నవ్వలేకపోయాడు. తనకి తనే గారూ గారూ అని రాసుకుంటూ, తన అభిప్రాయం తనే అడుక్కుంటూ ఇన్ని పేజీలు నింపాడంటే, పాపం ఈయనకి ఇంట్లో పలకరించే దిక్కు లేదేమో అని రాశాడు. దాని కింద దాసుడు కూడా, నాకు ముందే తెలిసుంటే అప్పుడప్పుడు నేనైనా పలకరించేవాణ్ణి పెద్దాయనా అని చేర్చాడు.

మేస్త్రి ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆవిడ సంచీ సర్దుకుని హాల్లో నిలబడి ఉంది. ఆయన కంప్యూటరు తెరిచి ఉంది, తెరమీద ఆ మాటలే ఉన్నాయి. ఎక్కడికి అని అడిగాడు. అక్క దగ్గరికి అంది. ఎన్నాళ్ళకి అన్నాడు. ఆవిడ సంచీ భుజానికి తగిలించుకుంది. నేనేదో తొందరలో రాశాను, పేరు కోసం కక్కుర్తిపడ్డాను, దానికింత రాద్ధాంతమా, అని ఆయన గొంతు పెంచాడు. ఆవిడ గొంతు పెరగలేదు.

"పేరు మీరు తీసుకోండి, నాకు బాధ లేదు. ఈ ఇంట్లో ఉండేది ఒక్కరేనని రాసిచ్చారు మీరు. సంతకం పెట్టి మరీ. ఇక అలాగే ఉండండి."

చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. రెండు రోజులు ఫోన్ చేశాడు, వదిన ఎత్తి, స్నానం చేస్తోందనీ, పడుకుందనీ, బయటికెళ్ళిందనీ చెప్పింది. మూడోరోజు, మాట్లాడాలనిపిస్తే అదే చేస్తుందిలే బాబూ అని పెట్టేసింది. ఇంట్లో ఆయన తిట్టుకుంటే వినేవాళ్ళు లేరు. చర్చ పేజీ తెరిస్తే, జవాబు రాసేవాళ్ళు లేరు. తను ఎవరి మీద అంత కుళ్ళుకున్నాడో ఆ మనిషి కోసమే రోజంతా ఎదురుచూసేవాడని మేస్త్రికి అప్పుడు తెలిసింది, తెలిసి ఏడుపొచ్చింది.

కళ్ళు తుడుచుకుని కాపలాకి రాశాడు. ఈసారి ఏదీ చెరపలేదు. నేను అబద్ధం చెప్పాను. చిత్తుప్రతి నా భార్య. ఆ వాక్యం ఆమెది. ఆ వ్యాసంలో నిలబడిన ప్రతి మాటా ఆమెది. నాకు అసూయ పుట్టి ఆమెని లేకుండా చేశాను. నా పేరు తీసేయండి, నన్ను శాశ్వతంగా వెలివేసినా సరే, ఆమె పేరు మీద ఉన్న ఆ నోటీసు మాత్రం ఎత్తేయండి.

కాపలా జవాబు వెంటనే వచ్చింది. ఎంతో మర్యాదగా రాసింది. దొరికినవాళ్ళు నూటికి తొంభైమంది మొదట ఒప్పుకుని, తర్వాత అది నా తమ్ముడనో నా భార్యనో చెబుతారట. అందుకని ఒట్టిమాట మీద తీర్పు మార్చడం కుదరదట. అయినా ఇంత వేడుకుంటున్నారు కనుక, దీనికొక చిన్న పద్ధతి ఉంది, రెండు నిమిషాల పని, అని ఇలా ముగించింది:

'నేనిప్పుడే వీడియో కాల్ చేస్తాను. మీరిద్దరూ పక్కపక్కన కూర్చుని కనబడితే చాలు. మీ ఆవిడగారిని ఒకసారి పిలవండి.'

ఆ కింద కాల్ మోగడం మొదలైంది. మేస్త్రి లోపలిగదికేసి చూశాడు.